పోలిక మనుషులు

"తాళంచెవి ఇటివ్వు."

"ఇవ్వను."

"మర్యాదగా అడుగుతున్నాను."

"ఇదే మర్యాదైతే అమర్యాద ఎలా ఉంటుందో చూడాలని నాకు లేదు అన్నయ్యా. ఇవ్వనన్నాను, ఇవ్వను."

అన్న చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చెల్లెలు గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. ముప్పై దాటిన మనిషి, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే మనిషి, బొమ్మ దాచుకున్న పసిపిల్లలా ఆ నిలబడడం ఏమిటని చూసినవాళ్లు నవ్వుకుంటారు. ఆ గదిలో ఉన్నవాళ్లెవరికీ నవ్వు రాలేదు. ఆమె పిడికిట్లో ఉన్నది కింద దుకాణంలోని డ్రైక్లీనింగు యంత్రం తాళంచెవి.

ఉతికిన బట్టలు అందించడానికి అన్న బయటికి వెళ్లిన అదను చూసి, ఆమె దుకాణంలోకి దూరి, తిరుగుతున్న యంత్రాన్ని ఆపేసి, తాళంచెవి లాక్కుని మేడెక్కింది. యంత్రం కడుపులో హోటలు వాళ్ల పరదాలు ఉతికీ ఉతక్కుండా రసాయనంలో నానుతున్నాయి. సాయంత్రానికి అవి హోటలు కిటికీలకి వేలాడాలి.

"ఆ పరదాల రంగు దిగిపోతే వాళ్లకి మొహం ఎవరు చూపిస్తారు? నువ్వా?"

"నేనే చూపిస్తాను. ఎందుకు ఆపానో కూడా చెప్తాను."

"చెప్తావు. నీకేం, చెప్పేసి నీ సీసాలు నువ్వు సర్దుకుని పోతావు. రేపటినుంచి ఈ వీధిలో ఉండాల్సింది నేను."

గది మధ్యలో భోజనాల బల్ల దగ్గర తల్లి ఉల్లిపాయలు తరుగుతోంది. కొడుకూ కూతురూ ఒకరి పీక ఒకరు పట్టుకునేదాకా వచ్చినా ఆమె కత్తి ఆగలేదు. ఆ ఇంట్లో ఆమె కోపమంతా ఆ కత్తి చప్పుడులోనే తెలుస్తుంది. ఇవాళ ఉల్లిపాయలు అవసరానికి మించి తరుగుతోంది.

లోపలిగది గుమ్మం దగ్గర వదిన నిలబడి ఉంది. గొడవంతా ఆమె గురించే. పొద్దుటినుంచి ఆమె నోరు మాత్రం విప్పలేదు.

ఆమె నిలబడ్డ గుమ్మం వెనక ఉన్న పడగ్గది సరిగ్గా యంత్రానికి పైన ఉంటుంది. ఇంటికల్లా మంచి గదని దానికి పేరు. యంత్రం వేడికి చలికాలంలో కూడా నేల గోరువెచ్చగా ఉంటుంది. వదిన కాపురానికి వచ్చిన రోజున అత్తగారు అప్పటిదాకా తను పడుకున్న ఆ గదిని తన చేత్తో ఊడ్చి, కొత్త దుప్పట్లు వేసి కోడలికి ఇచ్చేసింది. ఆవిడ మీద ఎన్ని నేరాలు మోపినా ఆ ఒక్కటీ మోపకూడదు. ఆ గది ఆవిడ ప్రేమతోనే ఇచ్చింది.

ఆ గదిలో వదినకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మూడోసారి, మూడో నెల.

"నేనడిగేది ఒక్కటే," అంది చెల్లెలు. "బిడ్డ పుట్టేదాకా యంత్రమైనా ఆగాలి, లేకపోతే వదినైనా ఈ ఇంట్లోంచి కదలాలి. నా అద్దె ఇంట్లో ఇంకో గది ఉంది. ఇవాళే తీసుకెళ్తాను."

"యంత్రం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది," అన్నాడు అన్న.

"అయితే వదిన్ని పంపించు."

"పంపిస్తే వీధిలో వాళ్లు ఏమంటారు?" కత్తి ఆగలేదు, మాట మాత్రం తల్లి దగ్గర్నించి వచ్చింది. "అత్త గుర్రుమంటే తట్టుకోలేక ఆడపడుచు ఇంట్లో తలదాచుకుందంటారు. నేనెప్పుడైనా గుర్రుమన్నానా?"

ఆవిడ ఇంకో ఉల్లిపాయ అందుకుంది.

"సరే, మాట్లాడుకుందాం," అని అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాడంటే చల్లబడ్డాడని కాదు. బేరాల్లో అవతలివాణ్ణి చిత్తు చెయ్యాలనుకున్నప్పుడు అతను కూర్చుంటాడు. "పోయినేడు ఇదే గదిలో కూర్చుని నువ్వు నాకేం చెప్పావు? గుర్తు చెయ్యమంటావా?"

"అక్కర్లేదు."

"చేస్తాను. అన్నయ్యా, మా పరీక్షల్లో ఏమీ తేలలేదు, ఈ రసాయనం వల్ల మీ పనివాళ్లకి ప్రత్యేకంగా వచ్చిందేమీ లేదు అన్నావు. అన్నావా, లేదా?"

"అన్నాను."

"మా చెల్లెలు చెప్పిందని నేను ఊరంతా టాంటాం వేశాను. మా దుకాణాల సంఘం మీటింగులో మైకు పట్టుకుని చెప్పాను. మీ సంస్థ పెద్దసారుని పిలిపించి దండ వేయించాను. ఇప్పుడొచ్చి అది తప్పు, తూచ్ అంటున్నావు. నీ మాట నీళ్ల మీద రాతా? రేపు ఇంకోటి చెప్పవని నమ్మకం ఏమిటి?"

"తప్పు జరిగింది అన్నయ్యా. నా వల్లే జరిగింది."

ఆ తప్పేమిటో విన్నాక, ఇంత చదివిన మనిషి ఇలా ఎలా చేసిందని మీరూ అనుకోవచ్చు. ఆమె పనిచేసేది ఒక పరిశోధన సంస్థలో. మనిషి ఏం పీలుస్తున్నాడు, ఏం తాగుతున్నాడు, ఏం ముట్టుకుంటున్నాడు, లోపలికి వెళ్లినదాన్ని ఒళ్లు ఏం చేసుకుంటోంది, చివరికి అందులోంచి ఏ జబ్బు పుడుతోంది అని వెతకడం వాళ్ల పని. అందుకోసం జనం దగ్గర రక్తం, మూత్రం, సంచుల్లోకి ఊదించిన ఊపిరి పోగుచేస్తుంది. అన్న ఆమెకి సీసాలమ్మ అని పేరు పెట్టింది అందుకే. డాక్టరే గాని జ్వరానికి మాత్ర ఇవ్వడం చేతకాదని ఆ ఇంట్లో పాత వేళాకోళం.

డ్రైక్లీనింగు పనివాళ్ల మీద పరిశోధన మొదలైనప్పుడు మనుషుల్ని కూర్చే పని ఆమె మీద పడింది. పనివాళ్ల ఒంట్లో ఏముందో తెలిస్తే చాలదు. ఆ రసాయనం సోకనివాళ్ల ఒంట్లో ఏముందో కూడా తెలిస్తేనే తేడా తెలుస్తుంది. ఆ సోకనివాళ్లని వాళ్ల సంస్థలో పోలిక మనుషులంటారు. ఆమె నేరుగా పుట్టిన వీధికి వచ్చింది. ఆ వీధి నిండా ఇవే దుకాణాలు, ప్రతి దుకాణం మీదా కాపురం. కింద పనిచేసేవాళ్లని ఒక వరసలో పెట్టింది. జీవితంలో దుకాణం గడప తొక్కని ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ మేడల మీద నుంచి పిలిచి పోలిక వరసలో పెట్టింది. తల్లి, వదిన కూడా ఆ వరసలోనే నవ్వుకుంటూ సంచుల్లోకి ఊదారు.

తీరా చూస్తే రెండు వరసలకీ తేడా లేదు. తేడా లేకపోయేసరికి రసాయనం పాపం ఏ పాపమూ ఎరగదని అందరూ సంబరపడ్డారు. రెండో వరస కూడా అదే గాలిలో మునిగి ఉందని ఎవరికీ తట్టలేదు. మిగతావాళ్లకి తట్టకపోతే పోనీ, ఆమెకి తట్టాలి. తట్టకపోవడానికి కారణం ఆమె ముక్కు. పుట్టిన దగ్గర్నించీ ఆ వాసనలోనే పెరిగిన ముక్కుకి అది వాసన కాదు, ఇల్లు. కొత్తవాళ్లెవరైనా ఆ పని చేసుంటే మొదటి మెట్టు మీదే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగేవాళ్లు. ఆ ఇంటి పిల్ల గనకనే ఆమె ఆ తప్పు చేసింది.

"వెన్న లేకపోతే నాకిప్పటికీ తెలిసేది కాదు," అంది చెల్లెలు.

"అదిగో, వెన్న," అంది తల్లి. "నేను చిలికి దాచిన వెన్న ఇంత ముద్ద ఎత్తుకుపోయి, దానిచేత నామీదే సాక్ష్యం చెప్పించింది."

"అమ్మా, నువ్వే ఇచ్చావు."

"తింటావని ఇచ్చాను. సీసాలో పెట్టమని ఇచ్చానా?"

నిజానికి తినడానికే తీసుకెళ్లింది. ఈ ఇల్లు వదిలి వేరే వీధిలో అద్దెకి ఉంటున్నప్పటినుంచీ ఆమె ముక్కు తేరుకుంది. అక్కడ డబ్బా మూత తీసేసరికి దుకాణం వాసన గుప్పుమంది. ఆ రసాయనానికి కొవ్వంటే ఇష్టం. గాలిలో ఉన్నది ఫ్రిజ్‌లోని వెన్నలోకి వచ్చి చేరింది. వెన్నలోకి చేరింది మనిషి కొవ్వులోకి చేరదా? మర్నాడే వెన్నని పరీక్ష చేసింది. ఆ తర్వాత ఇలాంటి దుకాణాలు ఒక్కటీ లేని వేరే పేట నుంచి కొత్త పోలిక మనుషుల్ని తెచ్చి, మళ్లీ మొదట్నించీ చూసింది. ఈసారి తేడా కొండలా కనబడింది. కింద పనిచేసేవాళ్లలోనూ, పైన నిద్రపోయేవాళ్లలోనూ.

"కొండ, కొండ అంటున్నావు. ఆ కొండ మా మేస్త్రి మీద ఎందుకు పడలేదు?" అన్నాడు అన్న. "నాన్న ఉన్నప్పటినుంచి ఆ యంత్రం పక్కనే నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. దుక్కలా ఉన్నాడు."

పిలిచినట్టే కింద నుంచి మేస్త్రి గొంతు వినిపించింది. "అయ్యా! హోటలు మనిషి వచ్చాడు. పరదాలు ఏవంటున్నాడు."

"కూర్చోబెట్టు! టీ తెప్పించు!" అని అన్న కిటికీలోంచి అరిచి, చెల్లెలి వైపు తిరిగాడు. "విన్నావుగా. ఇప్పుడు సూటిగా ఒక మాట చెప్పు. దీనికి ఆ రెండుసార్లూ అలా అయింది ఈ గాలి వల్లేనని ఖాయంగా చెప్పగలవా?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేకపోయింది. అన్నకి కావలసింది అదే.

"అలా చెప్పడం కుదరదు అన్నయ్యా. ఇలాంటి గాలిలో ఉన్న వందమంది ఆడవాళ్లని చూస్తే, లేనివాళ్లకంటే ఎంత ఎక్కువమందికి కడుపు నిలవడం లేదో చెప్పగలం. ఒక్క మనిషి ముందు నిలబడి, నీకు ఇందువల్లే అయింది అని ఏ పరిశోధనా చెప్పలేదు."

"అంటే తెలీదు."

"తెలీదని కాదు."

"తెలీదనే. తెలీని మాటకి నా యంత్రం ఆపాలి, నా పెళ్లాన్ని నీ ఇంటికి పంపాలి. బాగుంది."

"నిప్పు అంటుకుంటుందో లేదో ఖాయంగా తెలిసేదాకా ఇంట్లో పెట్రోలు పోసుకుని కూర్చుంటావా?"

"నా ఇంటిని పెట్రోలు బంకు చేశావా అప్పుడే?" అని అన్న బల్ల మీద గుద్దాడు. ఉల్లిపాయ ముక్కలు ఎగిరిపడ్డాయి.

తల్లి కత్తి పక్కన పెట్టింది. అది అరవడం కంటే ఎక్కువ. ఆవిడ చేతులు చీర చెంగుకి తుడుచుకుని కూతురి వైపు తిరిగింది.

"నా సంగతి చెప్పు. ఆ గదిలో ముప్పై ఏళ్లు పడుకున్నాను. మీ ఇద్దర్నీ ఆ గదిలోనే మోశాను. మీకేమైనా కాళ్లు వంకరా, చేతులు వంకరా? నాకేమైనా రోగమా? గాలి అదే, గది అదే. మరి నాకు కానిది దానికెందుకు అయింది?"

ఆ ప్రశ్న తల్లి ఎకసెక్కానికి అడగలేదు. తను ప్రేమగా ఇచ్చిన గది గురించి ఇన్ని మాటలు వింటూ ఆవిడ లోలోపల ఉడికిపోతోంది. తన చేత్తో పక్క వేసి కోడల్ని విషంలో పడుకోబెట్టానని ఒప్పుకోవడం ఏ మనిషికైనా కష్టం. కూతురికి ఆ బాధ అర్థమైంది. అర్థమయ్యే, కాస్త ఊరడిద్దామని, క్లాసులో పాఠం చెప్పినట్టు మొదలుపెట్టింది. చదువుకున్నవాళ్లకి ఉండే జబ్బు ఇదొకటి. తగువు మధ్యలో కూడా ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే ఒళ్లు మరిచిపోతారు.

"అందరి ఒళ్లూ ఒకేలా అరిగించుకోవమ్మా. అన్నం సంగతి కాదు, ఇలా పీల్చినవాటి సంగతి. కొందరి ఒళ్లు వచ్చింది వచ్చినట్టే ఊపిరితో బయటికి వదిలేస్తుంది. కొందరి ఒళ్లు దాన్ని పట్టుకుని ఇంకోలా మారుస్తుంది. అసలు దానికంటే ఆ మారినదే చెడ్డది. అది లోపల తిష్ఠ వేస్తుంది. మేము ఇప్పుడు వెతుకుతున్నది ముఖ్యంగా అదే. ఒకే ఇల్లు, ఒకే గాలి, ఒకరికి జబ్బు, ఇంకొకరికి ఏమీ లేదు. ఎందుకని?"

"మరి నా ఒళ్లు ఎలాంటిది?"

"నీది వదిలేసే ఒళ్లు. అదృష్టవంతురాలివి."

"దానిది?"

అప్పటికి గాని చెల్లెలికి తను ఎక్కడికి వచ్చి నిలబడిందో తెలియలేదు. నోరు మూసుకుంది. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని వాళ్ల సంస్థలో గట్టి కట్టడి ఉంది. పరాయివాళ్లకైతే పొరపాటున కూడా చెప్పేది కాదు. ఆమె కళ్లు మాత్రం గుమ్మం వైపు వెళ్లాయి.

"చెప్పవేం?" అంది తల్లి.

"అది చెప్పకూడదమ్మా."

"చెప్పక్కర్లేదులే, తెలిసింది." తల్లి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. పొద్దుటినుంచి లేని నెమ్మది ఆవిడ మొహంలోకి వచ్చింది. "గది మంచిదే. గాలి మంచిదే. ఒళ్లే మంచిది కాదు. నేనీ మాట మొదట్నించీ అంటూనే ఉన్నాను. మీరు నన్ను నోరు మూయించారు. ఇవాళ నీ సీసాలే చెప్పాయి."

"నేను అలా అనలేదు!"

"అన్నావు. నేనూ విన్నాను," అన్నాడు అన్న. అతని గొంతు ఒక్కసారిగా తగ్గింది. అది అరుపు కంటే చెడ్డగా ఉంది. అతను భార్య వైపు చూశాడు. కొన్న గుడ్డలో చిరుగు కనబడినప్పుడు చూసే చూపు అది. "అంటే దీని ఒంట్లో లోపముంది. ఆ సంగతి నీకు ముందే తెలుసు. ఇన్నాళ్లూ దాచి, ఇప్పుడు తప్పంతా యంత్రం మీద తోస్తున్నావు."

"లోపం కాదు అన్నయ్యా! వదిన వేరే వీధిలో పుట్టి, అక్కడే కాపురం ఉండుంటే ఈ తేడా ఎవరికీ తెలిసేదే కాదు. మనిషిని తీసుకెళ్లి నీళ్లలోకి తోసి, ఈత రాకపోవడం నీ లోపం అంటే ఎలా? తోసింది మనం."

"మనం," అన్నాడు అన్న. "ఇప్పుడు మనం అయింది. ఇందాకటిదాకా నువ్వు, నీ యంత్రం అన్నావు."

"సరే, మనమే. నేను కూడా."

"దానికి వైద్యం చేయిద్దాం," అంది తల్లి. "ఒళ్లు బాగుచేసే మందులేమైనా ఉంటాయి. దుకాణం మూసుకోవడం ఏమిటి, పిచ్చి కాకపోతే."

చెల్లెలికి ఏడుపు వచ్చింది. కొన్నేళ్లు రాత్రింబవళ్లు పనిచేసి తెలుసుకున్న ఒక్క నిజం తల్లి చేతిలోకి వెళ్లి కోడల్ని కొట్టడానికి కర్రయింది. ఇచ్చింది తనే.

"అత్తయ్యా," అంది వదిన.

ముగ్గురూ అటు తిరిగారు. పొద్దుటినుంచి ఆమె ఒక మనిషిలా కాక, ఒక గొడవలా ఆ ఇంట్లో ఉంది. గొంతు వినగానే అందరికీ ఆమె అక్కడ ఉందని కొత్తగా గుర్తుకొచ్చింది.

"నా ఒంటి గురించి మీరు మాట్లాడుకోవడం అయిపోతే నేనొక మాట అడగాలి. మిమ్మల్ని కాదు. దీన్ని."

ఆమె గుమ్మం దాటి వచ్చి ఆడపడుచుకి ఎదురుగా నిలబడింది. చెల్లెలు ఊరటగా ఒక అడుగు ముందుకి వేసింది. ఈ ఇంట్లో తనవైపు మాట్లాడడానికి ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికిందనుకుంది.

"నేను కాపురానికొచ్చిన మొదటి రోజే నాకు కడుపులో తిప్పింది," అంది వదిన. "ఏమిటీ వాసన అని అడిగాను. ఏ వాసన అన్నారు మీ అన్నయ్య. మహారాణి గారి ముక్కు అన్నారు అత్తయ్య. నువ్వు నవ్వావు."

"వదినా, అప్పుడు నాకు తెలీదు..."

"ఆగు. రెండోసారి నెల తప్పినప్పుడు నేను ఎవర్నీ అడగలేదు. బట్టలు పెట్టెలో సర్దుకున్నాను, మా అక్క దగ్గరికి వెళ్లిపోదామని. నువ్వొచ్చావు. నిన్ను మాత్రం అడిగాను. చదువుకున్నదానివి, దీని మీదే పనిచేస్తున్నావు, ఈ వాసన మంచిదేనా అని అడిగాను. ఏం చెప్పావు?"

చెల్లెలు తల వంచుకుంది.

"పరీక్ష చేశాం వదినా, ఏమీ లేదు, హాయిగా ఉండు అన్నావు. ఊరికే అనలేదు. పెట్టెలోంచి నా చీరలు నీ చేత్తోనే తీసి మళ్లీ బీరువాలో పెట్టావు. ఒక్కొక్కటీ మడత నలక్కుండా పెట్టావు. నేను నీ వెనక నిలబడి చూస్తూ, పోన్లే, ఈ ఇంట్లో ఒక్కరైనా నాకోసం కనుక్కున్నారు కదా అనుకున్నాను."

కింద హోటలు మనిషి దగ్గు వినిపించింది.

"వదినా, తప్పయిపోయింది," అంది చెల్లెలు. "కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ ఇప్పుడు నాతో వచ్చెయ్యి. ఆ తర్వాత నన్ను ఎన్ని మాటలైనా అను."

"ఒకసారి నీ మాట విని ఉన్నాను. ఇప్పుడు నీ మాట విని వెళ్లాలా?"

"ఈసారి నిజం."

"అప్పుడూ నిజమనే చెప్పావు." వదిన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని చెల్లెలికి అనిపించింది. "అందుకని నాకు ఒక్కటే కావాలి. మీ అన్నయ్యకి చెప్పినట్టు వందమంది సంగతి నాకు చెప్పకు. నేను వందమందిని కాదు, ఒక్కదాన్ని. నాకు రెండోసారి పోయింది ఈ గాలి వల్లేనా, కాదా? అవునంటే ఇప్పుడే బయటికి నడుస్తాను. కాదన్నా, తెలీదన్నా, ఆ గదిలోనే పడుకుంటాను. లోపం ఒంట్లో ఉన్నప్పుడు ఎక్కడ పడుకుంటే ఏం?"

అన్న నవ్వాడు. తన ప్రశ్నే భార్య కూడా అడిగింది. జవాబు అతనికి ముందే తెలుసు.

చెల్లెలికీ తెలుసు. నిజమైన జవాబు తెలీదు అన్నదే. ఆ రక్తం, ఆ ఊపిరి, ఆ వెన్న అన్నీ కలిపినా ఆ ఒక్క బిడ్డ గురించి అవునని చెప్పే హక్కు ఆమెకి లేదు. తెలీదు అంటే వదిన ఆ గోరువెచ్చటి నేల మీదికి తిరిగి వెళ్తుంది. అవును అంటే ఆ మాట ముందు తన నెత్తిన పడుతుంది. గాలి వల్లే పోయిందంటే, ఆ గాలిలో ఉండమని చెప్పిన మనిషి వల్ల పోయినట్టే. ఆమెకి భయం వేసింది. ఇన్నేళ్ల చదువులో ఏ పరీక్షకీ అంత భయపడలేదు.

"అవును," అంది.

"ఏమిటి?" అన్నాడు అన్న.

"అవును వదినా. ఈ గాలి వల్లే."

వదిన చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని చెల్లెలు వెతికింది. కోపమైతే ఎప్పటికైనా చల్లారుతుంది. కనబడింది అది కాదు, అసహ్యం.

"అయితే నువ్వు ఉండమంటే ఉన్నాను గనక పోయింది."

"అవును."

"సరే. నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు నా వెనక రాకు. నన్ను చూడ్డానికి కూడా రాకు. అక్కడికొచ్చి మళ్లీ నా చీరలు సర్దుతావేమోనని నాకు భయం."

ఆమె లోపలికి వెళ్లింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. తల్లి సగం లేచి, మళ్లీ కూర్చుంది. "అదేమిట్రా, నువ్వలా చూస్తూ ఊరుకుంటావేం? వెళ్లి ఆపు," అంది కొడుకుతో.

అన్న లోపలికి వెళ్లలేదు. చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"ఇంతసేపూ చెప్పడం కుదరదన్నావు. ఏ పరిశోధనా చెప్పలేదన్నావు. నేను అడిగితే లేని జవాబు అది అడిగేసరికి ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆమె పిడికిట్లో తాళంచెవిని ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"నా కాపురం చెడగొట్టడానికి అబద్ధమాడావు. అంతేనా? అబద్ధం కాకపోతే భయం దేనికి? మీ పెద్దసారు నంబరు నా దగ్గరుంది. దండ వేయించుకున్న రోజున ఆయనే ఇచ్చాడు." అతను జేబులోంచి ఫోను తీశాడు. "ఇప్పుడు దానికి చెప్పిన మాటే ఆయనకి చెప్పు. ఆయన అవునంటే ఈ యంత్రాన్ని నేనే తుక్కు కింద అమ్మేస్తాను. నా నోటితో చెప్తున్నాను, అమ్మ సాక్షి."

"నన్ను సాక్ష్యాలకి పిలవకండి," అంది తల్లి.

అతను నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టి, ఫోను బల్ల మీద ఉల్లిపాయ ముక్కల పక్కన ఉంచాడు. మోగుతోంది. వదిన సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. వాళ్లని చూడకుండా గది దాటి, వీధి గుమ్మం దగ్గర వంగి ఒక కాలికి చెప్పు తొడుక్కుంది.

"ఇదిగో, ఆగు," అన్నాడు అన్న. "ఎక్కడికి వెళ్లినా, ఇది విని వెళ్లు."

వదిన వంగినది వంగినట్టే ఆగింది. తర్వాత నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగింది.

"వింటాను," అంది.

ఫోనులో మోత ఆగింది. "ఎవరూ?" అంది అవతల గొంతు.

"నమస్కారం సార్. డ్రైక్లీనింగు సంఘం నుంచి. మా చెల్లెలు మీకొక మాట చెప్పాలట."

"ఓ, తనా! చెప్పమ్మా, చెప్పు." పెద్దసారు గొంతు అలసటగా, దయగా ఉంది. "నేనే ఫోను చేద్దామనుకుంటున్నాను. పోయినేటి తప్పుకి మన పరువు సగం పోయింది. కొత్త పోలిక మనుషుల వల్ల మిగతా సగం నిలబడేలా ఉంది. అందుకే ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈసారి మనకి తేలనిది ఒక్క ముక్క కూడా బయట ఎవరి దగ్గరా మన నోట్లోంచి రాకూడదు. వస్తే ఆ దుకాణాలవాళ్లు మొత్తం పరిశోధనని చెత్తబుట్టలో వేయిస్తారు. అర్థమైందా? ఇంతకీ ఏమిటి, ఏదో చెప్పాలన్నావట?"

అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల్లి ఆమెనే చూస్తోంది. చెల్లెలు బల్ల దగ్గరికి వచ్చి ఫోను మీదికి వంగింది.

"సార్," అంది.

గుమ్మం దగ్గర వదిన రెండో చెప్పు ఇంకా వేసుకోలేదు.